గుప్పెడుగాడి స్నానం

మా మరదలు నన్ను దుప్పట్లో చుట్టి, చేతులు కదలకుండా చేసి, నీళ్లలో దింపింది. ఈ మాట మా షాపులో చెబితే, కటింగ్ బల్ల దగ్గరావిడ కత్తెర పక్కన పెట్టి, పోలీసులకు చెప్పావా అని అడిగింది. అందుకే మొదటి నుంచీ చెబుతున్నాను. అడిగి మరీ చుట్టించుకున్నది నేనే. నీళ్లంటే పై ప్రాణాలు పైనే పోయేదాన్నీ నేనే.

ముందు నా సంగతి. నేను కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టే షాపులో పనిచేస్తాను. కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం చేతకాదు. నీళ్ల భయం వెనక చిన్ననాటి కథేమీ లేదు, ఊరికే భయం. నేను తల రుద్దుకునే రోజు చుట్టుపక్కల ఇళ్లకు కూడా తెలిసిపోతుంది. అలాంటిదాని తమ్ముడు ఏరి కోరి ఈత నేర్పే అమ్మాయిని చేసుకున్నాడు. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. వాడు పైకీ కిందకీ, ఆమె ఈ గట్టు నుంచి ఆ గట్టుకీ, ఇద్దరూ ఎక్కడ ఎదురుపడ్డారో నాకిప్పటికీ అర్థం కాదు.

నేను ఆమెను చేపపిల్ల అంటాను. ఆమె నన్ను వదినా అంటుంది, మీరు అంటుంది. నువ్వు అనమని ఎంత పోరినా వినదు. వాళ్లది పై వాటా, నాది కింద వాటా. పై వాటాలో చెంచా కింద పడ్డా నాకు వినపడుతుంది, కింద నేను విసుక్కుంటే వాళ్లకు వినపడుతుంది. అలా కలిసిమెలిసి ఉంటాం.

చేపపిల్ల చిన్నపిల్లలకు ఈత నేర్పుతుంది. గట్టు పట్టుకుని వదలని పిల్లలు, తల్లి మెడకు చుట్టుకుని గుక్కపట్టే పిల్లలు, అందరూ ఆమె దగ్గరికే వస్తారు. ఒకసారి నేనడిగాను, ఫలానా పిల్లకు ఈత వచ్చేసిందని నీకెలా తెలుస్తుంది అని. "దిగేటప్పుడు ఏడవడం మామూలే వదినా. బయటికి రమ్మంటే ఏడ్చిన రోజున నా పని అయిపోయినట్టే" అంది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మొహం చూడాలి. తన పని తనకు వచ్చని తెలిసిన మనిషి మొహం అది.

ఆ తర్వాత చేపపిల్లకు మా వాడు పుట్టాడు, నెలకు పైగా తొందరపడి. కొన్ని వారాలు ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. ఇంటికి తెచ్చిన రోజున మా తమ్ముడు వాణ్ని నా చేతుల్లో పెట్టి, "జాగ్రత్తక్కా, లెక్క ప్రకారం వీడింకా పుట్టలేదు" అన్నాడు. నిజంగానే ఆసుపత్రివాళ్లు మొదట చెప్పిన తేదీ ఇంకా రాలేదు. ఒంటి నిండా చర్మమే గానీ కండ లేదు. గుప్పెడుగాడని పేరు పెట్టింది నేనే, అసలు పేరు పెట్టేదాకా అదే ఖాయమైపోయింది.

వచ్చిన మర్నాడే స్నానం. చేపపిల్ల ఆ రోజు కోసమే కాచుక్కూర్చుంది. ఆసుపత్రిలో స్నానాల వేళకు తల్లులను బయట కూర్చోబెట్టేవారు, నర్సులే పోసేవారు. ఇప్పుడు వాడు తన చేతికొచ్చాడు. గాలి రాకుండా తలుపు మూసింది, స్టూలు మీద టబ్బు పెట్టింది, నీళ్లు నింపి చెయ్యి ముంచి చూసి బాగున్నాయంది. వాడి బట్టలు విప్పి, మెడ కింద ఒక అరచెయ్యి, నడుము కింద ఒక అరచెయ్యి పెట్టి, క్లాసులో పిల్లలను వెల్లకిలా తేల్చినట్టే దింపింది. కాళ్లూ చేతులూ వదిలెయ్ నాన్నా, నీళ్లే పట్టుకుంటాయి అని చెప్పింది.

వాడి చేతులు రెండూ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. కింద పడిపోతూ దేన్నో పట్టుకోబోయినట్టు వేళ్లు విడదీసి గాల్లోకి చాచాడు. గడ్డం వణికింది. ఆ తర్వాత కేక. అంత చిన్న ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాచుకున్నాడో గానీ ఇల్లు పీకి పందిరేశాడు. తీసి, తుడిచి, చుట్టేసినా వెక్కుతూనే ఉన్నాడు. పాలు కూడా తాగకుండా అలసిపోయి నిద్రపోయాడు.

మొదటి రోజు కదా అనుకున్నాం. రెండోసారీ అంతే. మూడోసారి నేను మధ్యలో దూరి నీళ్లలో మోచెయ్యి పెట్టి చూశాను. చల్లగా తగిలాయి. ఒళ్లు మండిపోయి, ఇవి గోరువెచ్చనా అని విరుచుకుపడ్డాను. ఆమె తెల్లబోయింది. మళ్లీ చెయ్యి ముంచింది, తీసి తన అరచేతిని తనే చూసుకుంది. పాపం, రోజంతా పూల్‌లో నానే చేతులవి. మనకు వణుకు పుట్టించే నీళ్లు ఆ చేతులకు హాయిగా ఉంటాయి. ఆ రోజు నుంచి నీళ్లు చూడటం నా మోచేతి పని అయింది.

వెచ్చదనం కుదిరింది. ఏడుపు కాస్త తగ్గింది గానీ పోలేదు. దింపగానే అదే విచ్చుకోవడం, అదే వణుకు, అదే కేక. మా తమ్ముడు ఈల వేసి చూశాడు, కోతిచేష్టలు చేసి చూశాడు, పాట వినిపించబోయి ఫోను టబ్బులో పడేశాడు. చివరికి చేపపిల్ల టబ్బు తీసుకెళ్లి అటక మీద పెట్టించింది. మంచం మీద పడుకోబెట్టి తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. దానికి వాడు ఇంకా ఏడ్చాడు. తుడిచిన చోటల్లా గాలి తగిలి చలేసేది కాబోలు. పైగా ఆమె చేతులు వణికేవి. గట్టు మీద నుంచి దూకే పిల్లలను గాల్లోనే పట్టుకునే చేతులు, రెండు పిడికిళ్లంత బిడ్డ మీద వణకడం నేను కళ్లారా చూశాను. చూసి కోపం తెచ్చుకున్నాను. నాకు ఏడుపొచ్చినా కోపంలాగే వస్తుంది.

వాడి బరువు చూపించడానికి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నేనే నర్సును నిలబెట్టి అడిగాను. ఆమె రబ్బరు బొమ్మను తెచ్చి, పలచటి గుడ్డలో వదులుగా చుట్టి, గుడ్డతో సహా భుజాల దాకా తొట్టిలో దింపి చూపించింది. ఇన్నాళ్లూ కడుపులో ఇరుకుగా ముడుచుకుని ఉన్న పిల్లలు కదా, కాళ్లూ చేతులూ ఒక్కసారిగా ఖాళీలోకి వదిలేస్తే పడిపోతున్నామనుకుంటారని చెప్పింది. గుండె దడదడలాడి, ఊపిరి ఎగిసి, ఉన్న కాస్త ఓపికా ఏడుపుకే ఖర్చయిపోతుందట. గుడ్డలో ఉంచి, ఒక్కో చెయ్యి, ఒక్కో కాలు మాత్రం బయటికి తీసి కడిగి, మళ్లీ కప్పేయాలట. ఏముంది, ఇంత తేలికా అనుకున్నాను నేను. పక్కకు చూస్తే చేపపిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

బస్సెక్కాక నా వైపు తిరిగింది.

"నీళ్లలో మనిషి కాళ్లూ చేతులూ కట్టేయడమేంటి వదినా" అంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. వాళ్ల పూల్‌లో మొదటి రూలే అది. ఒంటికి చుట్టుకునే బట్టతో ఎవరూ నీళ్లలోకి దిగకూడదు. ఒకసారి ఓ పిల్ల పొడుగు గౌనుతోనే దూకేసిందని, అది కాళ్లకు చుట్టుకుపోతే తనే దూకి బయటికి లాగానని, పెళ్లయిన కొత్తలో నాకు చెప్పింది. ఆ పిల్లకేమీ కాలేదు. కానీ తడిగుడ్డ చుట్టుకున్న ఆ కాళ్లు ఇప్పటికీ కల్లోకి వస్తాయంది. అలాంటి మనిషికి, కన్నబిడ్డను గుడ్డలో చుట్టి నీళ్లలో దింపమని చెప్పారు. నర్సుదీ తప్పు కాదు, ఈమెదీ తప్పు కాదు. తప్పెవరిదీ కానప్పుడు నాకు ఎవరిని తిట్టాలో తెలియక తల ప్రాణం తోకకొస్తుంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వంటింట్లో ఆ మాట వచ్చింది. నేను పాలసీసాలు కడుగుతున్నాను. ఆమె గుమ్మంలో నిలబడి, పూల్ మేనేజరు ఫోను చేశాడని, త్వరలోనే పనిలోకి వెళ్లిపోదామనుకుంటున్నానని చెప్పింది. వాడి స్నానాలూ అవీ నన్నే చూసుకోమంది. నా దగ్గరైతే వాడు ఊరుకుంటాడట. నిజమే, నేనెత్తుకుంటే తొందరగా ఊరుకుంటాడు. అది విని నాకు లోపల సంతోషం వేయలేదంటే అబద్ధం. నాకు పిల్లల్లేరు. కానీ ఆ సంతోషం గొంతు దిగకముందే ఆమె ఇంకో మాట అంది.

"నా చేతులంటే వాడికి భయం వదినా. నేను దగ్గరికి వెళ్తే చాలు, ఒళ్లు బిగబెట్టేస్తున్నాడు."

ఏడవకుండా అంది. షాపులో ఫలానా రంగు బట్ట అయిపోయింది అని చెప్పినట్టు చెప్పింది. ఈ అమ్మాయి బిడ్డను నాకు అప్పగించేస్తోంది. స్నానం ఒక్కటే కాదు, మొత్తంగా అప్పగించి మెల్లగా పక్కకు తప్పుకుంటోంది. ఈ రోజు నేను సరే అన్నానంటే వాడికి నేను దగ్గరవుతాను, ఆమె దూరమవుతుంది. ఆ దూరం తర్వాత ఏ నీళ్లతో కడిగినా పోదు.

నాకు ఆలోచన కంటే నోరు ముందు పరిగెడుతుంది. "వాడు చెప్పలేడు. నేను చెప్పగలను. నన్ను చుట్టి దింపు" అనేశాను.

అన్న తర్వాత నేనేమన్నానో నాకే తెలిసొచ్చింది. సీసా జారి సింకులో పడింది. ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. టీచర్లు చూసినట్టు కింద నుంచి పైదాకా చూసి, నిజంగానా అంది. ఇక వెనక్కి తగ్గితే నా పరువేం కాను? నిజంగానే అన్నాను. కాన్పు అయినదానివి, నీళ్లలోకి దిగొచ్చని డాక్టరు చెప్పిందా అని ఆఖరి ఆశతో అడిగాను. పోయిన వారమే చెప్పిందట. ఆ డాక్టరును మనసులోనే తిట్టుకున్నాను.

పూల్‌కు వారంలో ఒక మధ్యాహ్నం సెలవు. తాళం చేపపిల్ల దగ్గరే ఉంది. పిల్లల పూల్ నాకు నడుము లోతు. అందులో మునగాలంటే చాలా కష్టపడాలక్కా అని మా తమ్ముడు ధైర్యం చెప్పాడు. గుప్పెడుగాణ్ని ఎత్తుకుని గట్టు మీద బెంచీలో కూర్చున్నాడు. వాడు హాయిగా నిద్రపోతున్నాడు. వాడి కోసం వాళ్ల అత్తకు కాళ్లూ చేతులూ ఆడటం లేదని వాడికేం తెలుసు?

దుప్పటి నేనే ఎంచాను. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు దుప్పటి. దాన్ని ఎలా మడతపెట్టానంటే, చుట్టు గట్టిగానే ఉంటుంది గానీ గడ్డం కింద దోపిన కొస ఒక్కటి లాగితే మొత్తం ఊడిపోతుంది. కర్టెన్లు సర్దిపెట్టేటప్పుడు మేం అలాగే చుడతాం. చేపపిల్ల దాన్ని ముందు గట్టు మీదే నా ఒంటికి చుట్టి, లాగి చూసింది. మళ్లీ చుట్టి, మళ్లీ లాగింది. తనివితీరా లాగి చూశాక, సరే అని తల ఊపింది.

కానీ మొదట దుప్పటి లేకుండా తేల్చి చూస్తానంది. అప్పుడే తేడా తెలుస్తుందట. వెనక్కి వాలమంది. వాలాను. కాళ్లూ చేతులూ వదిలెయ్యండి, నేనున్నాను అంది. పాదాలు నేల మీద నుంచి లేచాయి. అంతే. నా చేతులు రెండూ నా మాట వినలేదు. విచ్చుకుపోయాయి. ఆమె జుట్టు దొరికితే జుట్టు, మెడ దొరికితే మెడ, ఏది దొరికితే అది పట్టుకుని పెట్టిన కేకకు బెంచీ మీద గుప్పెడుగాడు ఉలిక్కిపడి లేచాడు. ఇంకొకరు ఏడుస్తుంటే తను ఊరుకుని వినడం వాడికి అదే మొదటిసారి. మా తమ్ముడు నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. వాడి సంగతి ఇంటికెళ్లాక చూశాను.

తర్వాత దుప్పటి. నన్ను గట్టు అంచున కూర్చోబెట్టి, చేతులు గుండెల మీదికి ముడిచి, మోకాళ్లు కొంచెం వంచి చుట్టింది. చుడుతుంటే ఆమె వేళ్లు చల్లబడిపోయాయి. ఇప్పుడు భయం నాది కాదు, ఆమెది. నన్ను ఒళ్లోకి తీసుకున్నట్టు పట్టుకుని, మెల్లగా, మెల్లగా నీళ్లలో కూర్చుంది. నీళ్లు పాదాలకు తగిలాయి, నడుముకు తగిలాయి, భుజాల దాకా వచ్చాయి. దుప్పటి తడిసి ఒంటికి అతుక్కుంది. నేను కేకకు సిద్ధంగా నోరు తెరిచే ఉంచాను. కేక రాలేదు.

ఎలా చెప్పను? ఇందాక ఒళ్లు నా చేతుల్లో లేదు. ఇప్పుడు నా ఒళ్లు ఎక్కడిదాకా ఉందో నాకు తెలిసింది. చెయ్యి కదిపితే దుప్పటి ఆపింది, కాలు చాపబోతే దుప్పటి ఆపింది. దుప్పటి వెనక ఆమె చెయ్యి ఉంది. వీపు కింద, మోకాళ్ల కింద, ఎక్కడ కదిలినా ఆమె చేతులే తగిలాయి. ఊపిరి నిదానించింది. వాగుడుకాయనైన నేను నోరు మూసుకుని పైకప్పు చూస్తూ పడుకున్నాను.

ఆమె నా కుడిచెయ్యి ఒక్కటి బయటికి తీసింది. నీళ్లు పోసి రుద్దింది, మళ్లీ లోపల పెట్టి కప్పింది. తర్వాత ఎడమచెయ్యి. ఒక్కటే బయట ఉంటే భయం వేయలేదు, మిగతా ఒళ్లంతా భద్రంగా ఉంది కదా. అలా చాలాసేపు ఉన్నాం. తర్వాత ఆమె నా మొహంలోకి వంగి, క్లాసులో పిల్లలను అడిగినట్టు అడిగింది.

"నువ్వు ఇందాక నా చేతులకు భయపడ్డావా?"

నువ్వు అంది. ఇన్నేళ్లలో మొదటిసారి. తను అన్నట్టు తనకు తెలియదు. నాకు కళ్లు మసకబారాయి.

"నీ చేతులకు కాదమ్మా. ఇందాక నీ చేతులు ఎక్కడున్నాయో నాకు తెలియలేదు. దానికి భయపడ్డాను" అన్నాను.

ఆమె నన్ను అలాగే పట్టుకుని ఏడ్చింది. వంటింట్లో రాని ఏడుపంతా నడుము లోతు నీళ్లలో వచ్చింది. చేతులు దుప్పట్లో ఉన్నాయి కాబట్టి నేను కళ్లు తుడుచుకోలేకపోయాను, ఆమెకూ తుడవలేకపోయాను. మా తమ్ముడు బెంచీ మీద నుంచి లేచి గట్టు అంచు దాకా వచ్చి నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే అటక మీద టబ్బు దిగింది. మోచెయ్యి పెట్టి నీళ్లు చూశాను. మా షాపులోని మెత్తటి మల్లు గుడ్డ ఒక చదరం కత్తిరించి ఉంచాను. చేపపిల్ల వాణ్ని అందులో వదులుగా చుట్టింది, కొస లాగి చూసింది, ఊడింది, మళ్లీ చుట్టింది. అప్పటికీ ఆగింది. దింపబోయి ఆగి, నా వైపు చూసింది. అనడానికి నోటిదాకా చాలా మాటలు వచ్చాయి, అన్నీ మింగాను.

పాదాలు తగిలాయి. గుప్పెడుగాడు మొహం ముడిచాడు. గుడ్డ లోపల చేతులు విచ్చుకోబోయాయి, గుడ్డ ఆపింది, ఆగిపోయాయి. నీళ్లు నడుము దాకా వచ్చాయి, భుజాల దాకా వచ్చాయి. ముడుచుకున్న మొహం కొద్దికొద్దిగా విప్పారింది. కళ్లు తెరిచాడు. వాడి మొహం మీద వంగి ఉన్నది వాళ్లమ్మ మొహం. ఏడుపు అడ్డం లేకుండా స్నానంలో వాడు ఆమెను చూడటం అదే మొదలు. ఆమె ఒక చెయ్యి బయటికి తీసి, వేళ్ల సందులు కడిగి, కప్పింది. రెండో చెయ్యి, కాళ్లు, మెడ మడతలు. చేపపిల్ల చేతులు వణకలేదు. నేను మోచెయ్యి తుడుచుకుంటూ గోడకు జారగిలబడ్డాను. నీళ్లు చల్లారకముందే తీసెయ్యాలని నర్సు చెప్పింది కాబట్టి, ఇక చాలు అన్నాను.

ఆమె వాణ్ని మెల్లగా పైకెత్తింది. తడిగుడ్డ నీళ్లలోనే జారిపోయింది. పొడి తువ్వాలు పట్టుకుని మా తమ్ముడు సిద్ధంగా ఉన్నాడు. గాలి తగిలిందో లేదో, గుప్పెడుగాడు నోరంతా తెరిచి గుక్కపట్టాడు. మా తమ్ముడు మొహం వాడిపోయింది. మళ్లీ మొదలైందే అన్నాడు.

"బయటికి తీశానని ఏడుస్తున్నాడు" అంది చేపపిల్ల.

ఆ మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో, ఎవరెవరి పిల్లల గురించి విన్నానో. వాణ్ని తువ్వాల్లో చుట్టి గుండెలకు అదుముకుంది. పకపకా నవ్వుతోంది, ముక్కు కారుతోంది. రెండు క్షణాల్లో వాడు ఊరుకున్నాడు, ఆమె చేతుల్లోనే. నేను టబ్బు ఎత్తి నీళ్లు పారబోస్తూ, రేపు నన్ను ఎన్నింటికి రమ్మంటావు అని అడిగాను.

"నువ్వు నీళ్లు చూసిపెట్టు వదినా, చాలు" అంది. "పోసేది నేను."